ఎనిమిది గ్లాసుల ప్లానరు: పర్లాకిమిడిలో మా ఇంటి లెక్కల కథ

అక్టోబరు 5, ఆదివారం. పొద్దున్న ఏడు కాలేదు, మా ఆయన ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఖాతాలో డబ్బు చాలక బండి ఈఎంఐ 2,860 రూపాయలు వెనక్కి వెళ్ళిందట. ముందు నేను నమ్మలేదు. ఆదివారం బ్యాంకు తలుపే తియ్యరు, ఈఎంఐ ఎవరు కట్ చేస్తారు? ఆ ధీమాతోనే, దసరా అని ముందుగా చేతికిచ్చిన జీతంలో ఈఎంఐకి ఉంచినదాన్ని బీరువాలో చీర మడతలో దాచి, సోమవారం వేద్దాంలే అనుకున్నాం. 2021 ఆగస్టు నుంచే ఆదివారాలు, పండగలు అని చూడకుండా ఇవి కట్ అవుతున్నాయని తర్వాత తెలిసింది. డబ్బు లేక కట్టలేకపోతే అదో బాధ. డబ్బు ఇంట్లోనే పెట్టుకుని జరిమానా కట్టడం ఇంకో బాధ. నాకు ఏడుపు ఆగలేదు.

సోమవారం మా ఆయన వెళ్ళి 2,900 వేసి వచ్చారు. వేసీ వెయ్యగానే బ్యాంకు తన 590 తీసేసుకుంది. ఐదు వందలు జరిమానా, దాని మీద పద్దెనిమిది శాతం జీఎస్‌టీ. మిగిలిన 2,310 ఈఎంఐకి చాలదు. ఫైనాన్స్ వాళ్ళు విడిగా ఇంకో 500 వేశారు. చివరికి మా ఆయన పనిచేసే హార్డ్‌వేర్ కొట్టు యజమాని దగ్గర పదకొండు వందలు చేబదులు తీసుకుని, వాళ్ళు పంపిన లింకులో కట్టాం. సెప్టెంబరులోనూ ఇదే కథ. రెండు నెలల్లో 2,180 రూపాయలు. ఒక వస్తువు కొన్నది లేదు, ఒక ముద్ద తిన్నది లేదు.

అంతకుముందు నుంచీ నన్ను తొలిచేస్తున్నది ఇంకోటి ఉంది. రాఖీ పున్నమి నాడు, ఆగస్టు 9న, ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బు ఐదు వేలు నా ఖాతాలో పడ్డాయి. ఏడాదికి రెండుసార్లే వస్తాయి, మళ్ళీ మార్చి 8 దాకా లేవు. నెలాఖరుకి చూస్తే నాలుగు వందల చిల్లర ఉంది. దేనికి ఖర్చయిందని అడిగితే చెప్పలేను. వచ్చిన తేదీ గుర్తుంది, పోయిన తేదీ ఒక్కటీ గుర్తులేదు.

మా ఇంటి సంగతి రెండు ముక్కల్లో చెప్తాను. నా పుట్టిల్లు పాతపట్నం, అత్తిల్లు పర్లాకిమిడి. మధ్యలో మహేంద్రతనయ నది. అటు ఆంధ్రా, ఇటు ఒడిశా, ఆటోలో ఎక్కి కూర్చునేలోపే దిగాలి. మా ఆయన జీతం 13,500, ఏడో తారీఖున చేతికిస్తారు, ఒక్కోసారి తొమ్మిదో తారీఖు అవుతుంది. ఈఎంఐ ఐదో తారీఖు! తేదీ మార్చమని అడిగితే మధ్యలో కుదరదన్నారు. నేను జాకెట్లు, పరికిణీలు కుడతాను. వారానికి పన్నెండు వందలు రావచ్చు, రెండు వేలు దాటొచ్చు. మా అమ్మాయి మూడో తరగతి. అత్తమ్మకి ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను వస్తుంది, అది ఆవిడ డబ్బాలోకి వెళ్తుంది. ఇవికాక మహిళా గ్రూపులో 25,000 లోను తీసుకున్నాను. వారం వారం శనివారం పొద్దున్న ఎనిమిదింటికి వీధి చివర అరుగు మీద కూర్చుని 560 కట్టాలి, యాభై వారాలు.

అక్టోబరు 6 రాత్రి ఫోన్‌లో ఒక వీక్లీ ప్లానరు చూసి ఆర్డరు పెట్టాను. 299 రూపాయలు, వస్తువు వచ్చాక డబ్బు. నెలవారీ లెక్కల పుస్తకం ఇదివరకు రెండుసార్లు మొదలుపెట్టి మానేశాను. నెల అంటే నాకు చాలా దూరంగా ఉంటుంది. గ్రూపు డబ్బు వారానికి, నా కుట్టు డబ్బు వారానికి, ఆదివారం కూర వారానికి. మరి లెక్క మాత్రం నెలకి ఎందుకు? అదీ నా ఆలోచన. "మూడు వందలు పెట్టి కాగితాలు కొని డబ్బు ఆదా చేస్తావా?" అని మా ఆయన నవ్వారు. నిజమే, నలభై రూపాయల నోటుబుక్‌లో గీతలు గీసుకున్నా సరిపోయేది. ఆ రాత్రి ఏదో ఒకటి కొంటే తప్ప మనసు కుదుటపడేలా లేదు, అంతే.

వారం తర్వాత, 13వ తేదీ సోమవారం వచ్చింది. తెరిచి చూస్తే నిరాశ. ఒక్కో వారానికి ఎదురెదురు రెండు పేజీలు. సోమవారం నుంచి శుక్రవారం దాకా పెద్ద పెద్ద గడులు. శని, ఆదివారాలకి కలిపి ఒకే గడి, మధ్యలో సన్నటి గీత. ఆఫీసు ఉద్యోగాలవాళ్ళ కోసం చేసినట్టున్నారు. మా ఇంట్లో సగం డబ్బు పోయేది ఆ రెండు రోజుల్లోనే! ప్రతి రోజు కిందా ఎనిమిది చిన్న గ్లాసు బొమ్మలు, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగితే అన్ని రంగు వేసుకోవాలట. మొదటి వారం ఆ గ్లాసుల జోలికి పోలేదు.

మొదటి వారం చేసిందల్లా రాయడమే. అది కూడా సరిగ్గా రాయలేదు. బుధవారం, లక్ష్మివారం మర్చిపోయి శుక్రవారం రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుని రాశాను. (మా వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటాం.) ఆదివారం రాత్రి కూడితే 4,380. చేతిలో, ఫోన్‌లో తగ్గింది మాత్రం 4,990. మధ్యలో 610 రూపాయలు గాలికి పోయాయి. మా ఆయన ఫోన్ తీసుకుని ఒక్కో చెల్లింపూ పైకి జరుపుతూ చూశాను. టీ 10, టీ 20, కిళ్ళీ 15, సాయంత్రం బరా ఘుగుని (వడ, బఠాణీ కూర) 30, ఎవరో స్నేహితుడికి రీఛార్జి, మళ్ళీ టీ. అన్నీ కొట్టు పక్క బళ్ళ దగ్గరే. చేతిలో నోటు మార్చేటప్పుడు ఉండే నొప్పి ఫోన్‌లో ఉండదు.

అప్పుడు గుర్తొచ్చాయి గ్లాసులు. గ్లాసుకి ఇరవై రూపాయలు అని పెట్టాను. రాత్రి భోజనం అయ్యాక ఆయన ఫోన్ చూసి చెప్తే, మా అమ్మాయి నీలం స్కెచ్‌తో నింపుతుంది. రెండో వారం నుంచి అదే ఆట. "నాన్నా, ఇవాళ ఆరు గ్లాసులు తాగేశావు" అని అది అరుస్తుంటే, పక్కింటి పిన్ని వేరే అర్థం తీసుకుని కంగారు పడింది. ఆ వారం దీపావళి, 20వ తేదీ సోమవారం. ఎనిమిది గ్లాసులూ నిండిపోయి మార్జిన్‌లో ఇంకో నాలుగు గీసింది. వారం మొత్తానికి నలభై ఒక్క గ్లాసులు, అంటే 820. నాలుగు వారాలు ఇలాగే తాగితే బండి ఈఎంఐ దాటిపోతుంది. ఆయన ఆ పేజీ చాలాసేపు చూశారు. నేను ఒక్క మాట అనలేదు. అననక్కర్లేదు అనిపించింది.

ఆ మర్నాడు ఆయన ఊరుకుంటారా? "గ్లాసులు నాకేనా?" అన్నారు. న్యాయమే కదా. ఆకుపచ్చ స్కెచ్ నాకు కేటాయించారు. నేను పుట్టింటికి వెళ్ళిన ప్రతిసారీ ఆటో, పళ్ళు, తమ్ముడి పిల్లలకి బిస్కెట్లు కలిపి మూడు వందల పైమాటే. పది నిమిషాల దూరం కదా అని ఆ నెలలో నాలుగుసార్లు వెళ్ళాను. దగ్గర ఊరు కాబట్టి ఖర్చు లేదని ఇన్నేళ్ళూ అనుకుంటున్నది నేనే.

మూడో వారం మొంథా తుపాను. అక్టోబరు 28 రాత్రి అది తీరం దాటింది అటు నర్సాపురం దగ్గరైనా, మాకు వాన, గాలి, బడికి సెలవులు. కొట్టు రెండు రోజులు మూత. ఆ వారం పేజీలో కొవ్వొత్తులు, బంగాళాదుంపలు, గుడ్లు, పాలు, గ్రూపు 560. మొత్తం 2,150. ఆయన గ్లాసులు ఆరంటే ఆరు. ఇల్లు కదలకపోతే మాకు ఇంతే ఖర్చవుతుందా అని ఆశ్చర్యపోయాను. కొట్టులో ఆ రెండు రోజుల జీతం కోసేస్తారని అప్పుడు తట్టలేదు.

ఇక్కడే పెద్ద పొరపాటు జరిగింది. మొదటి వారం నుంచీ ఈఎంఐని నాలుగు ముక్కలు చేసి, వారానికి 715 చొప్పున మినీ బ్యాంకులో వేయిస్తున్నాను. మూడు వారాలకి 2,145 ఉండాలి. నవంబరు 3 సోమవారం మధ్యాహ్నం చూస్తే 1,730 ఉంది. కారణం చాలా చిన్నది: ఆయన ఫోన్‌పేకి జత చేసిన ఖాతా, ఈఎంఐ కట్ అయ్యే ఖాతా ఒకటే. నేను ఒక వైపు నింపుతున్నాను, గ్లాసులు ఇంకో వైపు నుంచి ఖాళీ అవుతున్నాయి. ఐదో తారీఖు బుధవారం. ఇంకా 1,130 కావాలి, జీతం రావడానికి ఇంకా నాలుగు రోజులు.

అత్తమ్మ డబ్బా తప్ప దారి లేదు. అయితే ఆవిడ మంగళవారం, లక్ష్మివారం, శుక్రవారం ఇంట్లోంచి డబ్బు తియ్యరు. మిగతా రోజుల్లోనూ దీపం పెట్టాక తియ్యరు. మంగళవారం అడిగితే లేదంటారు, బుధవారం పొద్దున్నకి ఈఎంఐ వెళ్ళిపోతుంది. సోమవారం సాయంత్రం ఐదింటికి పరుగెత్తుకుని వెళ్ళి అడిగాను. ఆవిడ పన్నెండు వందలు లెక్కపెట్టి ఇస్తూ, "నీ పుస్తకంలో నా పేరు కూడా రాసుకో. మర్చిపోతావు" అన్నారు. రాశాను. ఆ రాత్రే ఇంకో పని చేశాను. ప్లానరులో ఆ మూడు రోజుల గడులకీ పై అంచున పసుపు గీత గీశాను. మా ఇంట్లో అప్పు పుట్టే రోజులు వారానికి నాలుగే. ఆ నాలుగింటిలో కూడా చీకటి పడకముందే.

ఐదో తారీఖు నిద్ర లేచి ఫోన్ చేతిలో పెట్టుకునే కూర్చున్నాను. 6.40కి మెసేజ్. 2,860 కట్ అయింది. డబ్బు పోతే అంత సంతోషం ఎప్పుడూ వెయ్యలేదు. అదే రోజు ఆ ఖాతాని ఫోన్‌పే నుంచి తీయించేశాను. ఇప్పుడు ఆయన ఫోన్‌పేకి వేరే ఖాతా, సోమవారం సోమవారం అందులో 600 వేస్తాం. అయిపోతే అయిపోయినట్టే. మొదటి రెండు వారాలూ శుక్రవారానికే ఖాళీ అయి, ముఖం వేలాడేసుకుని వచ్చేవారు. తర్వాత ఫ్లాస్కులో టీ పట్టుకెళ్ళడం మొదలుపెట్టారు. నేను చెప్పలేదు, ఆయనే అడిగారు.

నవంబరు 9న కూర్చుని ముందు వారాల పేజీలు తిప్పుతుంటే ఇంకోటి దొరికింది. ఆ నెలలో శనివారాలు ఐదు. 1, 8, 15, 22, 29. నా మనసులో ఎప్పుడూ నెలంటే నాలుగు వాయిదాలే, 2,240. ఐదోది ఎప్పుడొచ్చినా నాకు పిడుగులాగే ఉండేది. గ్రూపు సార్ మోసం చేస్తున్నాడేమో అని ఒకసారి రశీదు కార్డు కూడా లెక్కపెట్టాను పాపం. నాలుగు వారాల చొప్పున పన్నెండు నెలలు లెక్క వేస్తే నలభై ఎనిమిది, ఏడాదికేమో యాభై రెండు వారాలు. ఎక్కువొచ్చే ఆ నాలుగు వారాలకీ నేను ఎప్పుడూ డబ్బు దాచలేదు. పాలకి, కూరకి, గ్రూపుకి, అన్నిటికీ అదే తప్పు. ఈసారి 29వ తేదీ గడిలో ముందే ఎర్రగా 560 రాసి, దానికోసం రెండు జాకెట్ల డబ్బు విడిగా పెట్టాను.

ఆ తర్వాతి వారం మాత్రం ఇంట్లో యుద్ధమే. నేను తెలుగులో రాస్తాను, అంకెలు మామూలువే వేస్తాను. మా ఆయన ఒడియా మీడియంలో చదివారు. మాట తెలుగే అయినా చెయ్యి మాత్రం ఒడియాలోనే రాస్తుంది, అంకెలతో సహా. శుక్రవారం గడిలో ఆయన చెప్పులు అని రాసి పక్కన అంకె వేశారు. నేను చూసింది 800. "ఎనిమిది వందల చెప్పులు వేసుకునే రోజులా ఇవి?" అన్నాను. ఆయన ఏమీ మాట్లాడకుండా అన్నం ముందు నుంచి లేచిపోయారు. మర్నాడు మధ్యాహ్నం దాకా మాటల్లేవు. గ్రూపుకి వెళ్ళి వచ్చేసరికి చెప్పుల కొట్టు బిల్లు ప్లానరులో పెట్టి ఉంది. నాలుగు వందలు! ఒడియాలో నాలుగు అంకె మన 8 లాగే ఉంటుంది, పైభాగం తెరిచి ఉంటుందంతే. ఆయన హడావిడిలో ఆ మూత మూసేశారు. పెళ్ళయి పదేళ్ళు, బస్సు బోర్డులన్నీ చదువుతాను, మొగుడి నాలుగు చదవలేకపోయాను.

కిరాణా పద్దు విషయం కూడా చెప్పాలి. నెలాఖరులో షావుకారు పుస్తకం, నా ప్లానరు పక్కపక్కన పెట్టి చూస్తే 22వ తేదీ నూనె ప్యాకెట్లు ఆయన పుస్తకంలో రెండుసార్లు ఉన్నాయి, 310 రూపాయలు. గొడవ ఏమీ కాలేదు. కొట్టేసి, "మీరు కూడా రాస్తున్నారా అమ్మా?" అన్నాడు. డిసెంబరు నుంచి ప్యాకెట్టు ఇస్తూనే ధర గట్టిగా చదివి చెప్తున్నాడు.

ఇక మార్గశిరం. మా ఎదురింటి ఒడియావాళ్ళకి కార్తీక పున్నమి మర్నాటి నుంచే మార్గశిరం, నవంబరు 6నే మొదటి లక్ష్మివారం పూజ. వాకిలంతా బియ్యప్పిండి ముగ్గులు, లక్ష్మీదేవి పాదాలు. మాకు అమావాస్య వెళ్ళాక గానీ మొదలవదు, 27న మొదటి వారం. వాళ్ళు పంపిన ప్రసాదం గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు, మా పూజకి వాళ్ళని పిలవాలి. రెండు భాషల వీధిలో పండగ ఖర్చు రెండు విడతలు. లక్ష్మివారం గడి ఖాళీగా ఉంచాలని అత్తమ్మ పట్టు. ఆ రోజు పాలవాడికి కూడా ఇవ్వనివ్వరు. "లక్ష్మివారం పూట లక్ష్మిని బయటికి పంపిస్తావేటమ్మా?" ఆవిడ నమ్మకం ఆవిడది. నాకు మాత్రం వారంలో ఒక రోజు పైసా కదలకపోతే మిగతా రోజుల లెక్క తేలికైంది. పాలవాడు మర్నాడు రెండు రోజులదీ కలిపి తీసుకున్నాడనుకోండి.

డిసెంబరు గురించి రాయాలని లేదు, కానీ రాయకపోతే ఇదంతా అబద్ధం అవుతుంది. నవంబరు నెలాఖరులో శుక్ర మూఢం మొదలైంది, ఫిబ్రవరి మధ్య దాకా పెళ్ళిళ్ళు లేవు. పెళ్ళిళ్ళు లేకపోతే వర్కు జాకెట్లు లేవు. వారానికి 700, తర్వాత 450. నా సంపాదన రాసే గడిలో ఆ అంకె వెయ్యడానికి సిగ్గేసింది. ఎనిమిదో తారీఖు నుంచి ఇరవై ఒకటి దాకా రెండు వారాలు అసలు తెరవలేదు. మిషను కింద పెట్టేశాను. పుస్తకం మూసేస్తే ఖర్చు ఆగదు కదా, ఆ రెండు వారాల్లో ఎంత పోయిందో ఇప్పటికీ తెలియదు. ఆ నాలుగు పేజీలూ అలాగే తెల్లగా ఉన్నాయి. మా అమ్మాయి గ్లాసులు నింపుతానని ఏడిస్తే 22న మళ్ళీ తీశాను. పాత వారాలు పూరించే ప్రయత్నం చెయ్యలేదు.

డిసెంబరు 5 ఈఎంఐ, జనవరి 5 ఈఎంఐ రెండూ వెనక్కి పోలేదు. జనవరిది కొంచెం కష్టమైంది, మానేసిన రెండు వారాల 715లు లేవు కదా. సంక్రాంతి పరికిణీలకి అడ్వాన్సులు తీసుకుని సర్దాను. జనవరి 5తో మొదలైన వారంలో నా కుట్టు డబ్బు 3,900. ఆ అంకె రెండుసార్లు దిద్ది రాశాను. తర్వాతి వారం పండగ. ముగ్గురికి బట్టలు, పుట్టింటికి తీసుకెళ్ళినవి, అరిసెల బెల్లం, అన్నీ కలిపి 5,700. బండిలో పెట్రోలు మా వైపే నింపుకుని వెళ్ళాం. పాతపట్నం బళ్ళే ఇటొచ్చి నింపుకుంటాయి, మా దగ్గర లీటరు చవక. అత్తమ్మ పన్నెండు వందలు జనవరి 12న, సోమవారం, దీపం పెట్టకముందే తిరిగిచ్చాను. ఆవిడ పేరు మీద నా చేత అడ్డగీత గీయించి గానీ డబ్బాలో వేసుకోలేదు.

ఈ మాట రాస్తున్నది జనవరి 25న. మొదటి శనివారం నుంచీ గ్రూపు గడిలో ఇంకెన్ని వాయిదాలున్నాయో పెన్సిల్‌తో వేసుకుంటున్నాను. 19తో మొదలుపెట్టాను, నిన్నటికి 4 మిగిలాయి. ఆఖరిది ఫిబ్రవరి 21. గ్రూపు సార్ నిన్న అరుగు మీదే అడిగాడు, "అమ్మా, మీది బాగా నడిచింది, ఈసారి నలభై వేలు ఇస్తాం" అని. చూస్తానన్నాను. ఇంటికొచ్చి నలభై వేలకి వారానికి ఎంత పడుతుందో మా ఆయనకి చెప్పబోతే, ఆయన అప్పటికే ప్లానరు తెరిచి ముందు పేజీలు తిప్పుతున్నారు. వాయిదా లేని మొదటి శనివారం 28. దాని కింద ఆదివారం ఇరుకు గడిలో ఒడియాలో వేట మాంసం అని రాసి, పక్కన నాలుగు వందలు వేశారు. ఈసారి నాలుగుకి మూత తెరిచే ఉంచారు.